చేత్తో చేసే శ్రీమంతం శుభలేఖలు: కాగితం ఎంపిక నుంచి బొట్టు పెట్టి పిలిచే దాకా

శ్రీమంతానికి పిలుపు అంటే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో నేటికీ ఇంటికి వెళ్లి, ఇల్లాలికి బొట్టు పెట్టి, ‘తప్పకుండా రావాలి’ అని నోటితో చెప్పడమే. శుభలేఖ ఆ పిలుపుకు తోడుగా చేతికిచ్చేది; వేళ, చోటు మరిచిపోకుండా ఆ ఇంట మిగిలేది. పెళ్లికైతే వందలకొద్దీ కార్డులు అచ్చు వేయించక తప్పదు గానీ, శ్రీమంతం దగ్గరి బంధువులు, ఇరుగుపొరుగు పేరంటాళ్ల మధ్య జరిగే వేడుక కనుక, నలభై ఇళ్లకు సరిపడే శుభలేఖలను ఇంట్లోనే చేసుకోవడం సాధ్యమే. అయితే ముందుగా ఒక మాట మనసులో పెట్టుకోవాలి. ఈ కార్డు పసుపు అంటిన చేతుల్లోంచి పసుపు అంటిన చేతుల్లోకి వెళ్తుంది, సంచిలో కుంకుమ భరిణె పక్కన ప్రయాణం చేస్తుంది, చివరికి కళ్లజోడు వెతుక్కునే పెద్దల చేతికి చేరుతుంది. ఈ మూడింటికీ తట్టుకునేలా చేసినదే మంచి శుభలేఖ. తక్కిన అలంకారమంతా ఆ తరువాతి సంగతి.

లెక్క, గడువు

మనుషులను కాకుండా ఇళ్లను లెక్కపెట్టాలి. ఒకే ప్రాంగణంలో ఉంటున్నా పొయ్యిలు వేరైన అన్నదమ్ములను వేర్వేరు ఇళ్లుగానే రాసుకోవాలి; ఇద్దరికీ కలిపి ఒక్క కార్డు ఇచ్చి వస్తే తరువాత మాట పడవలసి వస్తుంది. జాబితాను అత్తవారి వైపు ఒకటి, పుట్టింటి వైపు ఒకటి విడివిడిగా తయారుచేసి, రెండింటినీ రెండు కుటుంబాల పెద్దలకు వినిపించాలి. నలభై ఇళ్లు తేలితే నలభై ఆరు కార్డులు చేయాలి. ఒకటి దేవుడి దగ్గర పెట్టడానికి, తక్కిన అయిదు చివరి నిమిషంలో గుర్తుకొచ్చే చుట్టాలకు. అలా గుర్తుకొచ్చేవారు లేని ఇల్లు ఉంటుందని నేను అనుకోను.

శ్రీమంతాన్ని కుటుంబ ఆచారాన్ని బట్టి అయిదు, ఏడు, తొమ్మిది నెలల్లో, అంటే బేసి నెలల్లో చేస్తారు. ముహూర్తాన్ని పురోహితుడు నిర్ణయించిన రోజు నుంచి వెనక్కి లెక్క కట్టుకోవాలి. చేతికిచ్చే కార్డులు వేడుకకు కనీసం పది రోజుల ముందు, తపాలాలో వెళ్లేవి మూడు వారాల ముందు సిద్ధంగా ఉండాలి. ఖరగ్‌పూర్, బరంపురం, జంషెడ్‌పూర్ వంటి ఊళ్లలో స్థిరపడిన మనవాళ్లు రైలు టికెట్టు చేయించుకోవాలి కదా. ముహూర్తం ఇంకా తేలకపోయినా పై కార్డులు, కవర్లు మొదలుపెట్టవచ్చు. తేదీ ఉండే లోపలి కాగితాన్ని మాత్రం చివరికి ఉంచుకోవాలి. కింద చెప్పే పద్ధతిలో ఈ రెండూ విడివిడి పనులు.

కాబోయే తల్లికి కూడా ఇందులో చెయ్యి వేయాలని ఉంటే, ఆమెకు కవర్లపై పేర్లు రాసే పని అప్పగించడం బాగుంటుంది. వీపుకు ఆసరా ఉన్న కుర్చీలో కూర్చుని, మధ్యలో లేచి తిరుగుతూ చేసుకోగలిగిన పని అది. స్ప్రే రంగులు, థిన్నరు కలిపే వార్నిషులు, ఘాటైన వాసన వచ్చే మార్కర్లు ఈ పనికి అవసరమే లేదు కనుక అసలు ఇంట్లోకి తేవద్దు. నీటితో కలిసే రంగులు, తెల్ల ఫెవికాల్, మైదా జిగురు చాలు.

కాగితం

కార్డుకు 250 జీఎస్ఎం మందం ఉన్న ఐవరీ కార్డు కాగితం సరిపోతుంది. జీఎస్ఎం అంటే చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందనే లెక్క. 300 జీఎస్ఎం కాగితం చేతికి దర్జాగా ఉంటుంది గానీ మడత దగ్గర పగిలే అవకాశం ఎక్కువ. బడి పిల్లలు వాడే చార్టు కాగితం చౌకే, కానీ కార్డు నిలబడదు, గుడ్డ అంటించిన వైపుకు వాలిపోతుంది. విజయనగరంలో ఘంటస్తంభం పరిసరాల్లో, శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలి వైపు తిరిగితే స్టేషనరీ దుకాణాల్లోనో, శుభలేఖలు అచ్చువేసే ప్రెస్సుల్లోనో ఈ రకం కాగితం అడగవచ్చు. ప్రెస్సువారైతే పెద్ద షీటును ఏ4 కొలతకు యంత్రం మీద కోసి ఇవ్వగలరు. ఆ కోతకు ఇచ్చే కొద్దిపాటి సొమ్ము వృథా కాదు, ఎందుకంటే ఇంట్లో చేసే పనిలో వంకర వచ్చేది ముఖ్యంగా కోతలోనే.

ఒక ఏ4 షీటు (210 × 297 మి.మీ.) నుంచి రెండు కార్డులు వస్తాయి. నలభై ఆరు కార్డులకు ఇరవై మూడు షీట్లు కావాలి. ఇరవై ఆరు కొనండి. లోపలి కాగితానికి మామూలు జిరాక్సు కాగితం, కవర్లకు 100 జీఎస్ఎం రంగు కాగితం కార్డుకు ఒక ఏ4 చొప్పున తీసుకోవాలి.

కొనే ముందు కాగితపు పోగు ఎటు ఉందో చూడాలి. కాగితం తయారయ్యేటప్పుడు నారపోగులు ఎక్కువగా ఒకే దిశలో పడుకుంటాయి. ఆ దిశకు సమాంతరంగా మడిస్తే మడత నున్నగా వస్తుంది, అడ్డంగా మడిస్తే నారలు విరిగి అంచు చిరుగులు చిరుగులుగా కనిపిస్తుంది. షీటును నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి విరగకుండా మెల్లగా వంచి చూస్తే ఎటు తేలిగ్గా వంగుతుందో అరచేతికే తెలుస్తుంది; తేలిగ్గా వంగినప్పుడు ఏర్పడే గొట్టం ఎటు పొడవుగా ఉందో పోగు అటే ఉన్నట్టు. ఏ4 షీటులో పోగు పొడవు వైపుకు ఉంటే మన మడతకు సరిగ్గా సరిపోతుంది. పెద్ద షీటు కోయించుకునేటప్పుడు ఈ సంగతి ముందే చెప్పాలి.

కోత, గాడి, మడత

ఏ4 షీటును నిలువుగా పెట్టి, పొడవులో సగానికి, అంటే 148.5 మి.మీ. దగ్గర, అడ్డంగా కోయాలి. ఒక్కొక్క ముక్క 210 మి.మీ. వెడల్పు, 148.5 మి.మీ. ఎత్తు ఉంటుంది. స్టీలు స్కేలు వాడాలి. ప్లాస్టిక్ స్కేలును కట్టరు చెక్కేస్తుంది. కింద కటింగ్ మ్యాట్ లేకపోతే పాత ప్లైవుడ్ ముక్క మీద రెండు పొరల అట్ట వేసుకోవచ్చు. ఒక్క గీతలో తెగాలని బలంగా నొక్కకుండా, అదే గాడిలో మూడు నాలుగు సార్లు తేలిగ్గా లాగితే అంచు శుభ్రంగా వస్తుంది, వేళ్లకూ ప్రమాదం ఉండదు. కట్టరు మొన మొద్దుబారగానే ఆ ముక్క విరిచి కొత్త మొన వాడాలి. మొద్దు మొనతో కోసిన అంచుకు నూగు లేస్తుంది.

మందపు కాగితాన్ని గాడి వేయకుండా మడవకూడదు. సిరా అయిపోయిన బాల్‌పెన్ను ఇందుకు చక్కని పనిముట్టు. కార్డు ముక్కను నాలుగైదు పొరల వార్తాపత్రిక మీద, బయటి వైపు పైకి వచ్చేలా పెట్టి, 105 మి.మీ. దగ్గర స్కేలు ఆనించి, పెన్నుతో పైనుంచి కిందికి రెండుసార్లు గట్టిగా గీయాలి. కాగితం తెగకూడదు, లోపలికి నొక్కుకోవాలి. ఇప్పుడు ఆ గాడి కార్డుకు బయటి వైపే ఉండేలా, అంటే గాడికి ఎదురు దిశలో మడవాలి. చూసేవారికి ఇది తిరగబడ్డట్టు అనిపించవచ్చు గానీ, గాడి వెనుక లేచిన చిన్న గట్టు మడత లోపల ఇమిడిపోయినప్పుడే బయటి పొర సాగి పగలకుండా ఉంటుంది. మడిచాక పైన పల్చటి కాగితం పరిచి చెంచా వీపుతో రుద్దాలి. నేరుగా రుద్దితే మెరుపు చార పడుతుంది. ఇలా పుస్తకంలా తెరుచుకునే కార్డు వస్తుంది. కార్డులన్నీ దొంతరగా పేర్చి, మీద బరువు పెట్టి రాత్రంతా ఉంచాలి. బరువుకు ఇంట్లో బుడితి ఇత్తడి బిందె ఉంటే అంతకు మించినది అక్కర్లేదు.

ముఖపత్రం మీద పొందూరు ఖద్దరు

అలంకారానికి బజారులో పూసలు, మెరుపు రాళ్లు, రిబ్బన్ల గులాబీలు బోలెడన్ని దొరుకుతాయి. అవి ఏ ఊళ్లో చేసిన కార్డుకైనా సరిపోయేవి. శ్రీకాకుళం జిల్లాలో చేసే శుభలేఖకు పొందూరు ఖద్దరు ముక్క కంటే తగిన అలంకారం నాకు తోచదు. వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి, చేత్తో వడికిన సన్నని నూలుతో నేసే గుడ్డ అది; వెలుతురుకు పట్టి చూస్తే నూలు అక్కడక్కడ కాస్త లావై, మళ్లీ సన్నబడి కనిపిస్తుంది. కార్డు మీద తెల్ల గుడ్డ ఉన్నా బోసిగా ఉండకపోవడానికి ఆ హెచ్చుతగ్గులే కారణం. కొత్త బట్ట కొనవలసిన పని లేదు. ఖద్దరు చొక్కాలు కుట్టే దర్జీ దగ్గర కత్తిరింపు ముక్కలు అడిగితే చాలు. ఇంట్లో పెద్దాయన పాత పంచె వాడాలనుకుంటే, ఆయన కళ్లముందు ఉన్నవారై ఉండాలి. కాలం చేసినవారి బట్టను శుభలేఖకు వాడితే ఎవరో ఒకరి మనసు నొచ్చుకుంటుంది.

గుడ్డను అలాగే కోసి అంటిస్తే రెండు ఇబ్బందులు వస్తాయి. అంచుల్లో నూలు ఊడుతుంది. పల్చటి నేతలోంచి ఫెవికాల్ పైకి ఊరి, ఆరాక పసుపుపచ్చని గట్టి మరకలవుతుంది. ఈ రెండింటికీ మందు ఒకటే. గుడ్డకు ముందే వెనుక కాగితం అంటించి, ఆరాక కోసుకోవడం.

ముందుగా గుడ్డను ఉతికి గంజి పోగొట్టి, తడి ఆరకముందే ఇస్త్రీ చేయాలి. ఒక గరిటెడు మైదాను అయిదు గరిటెల చల్లటి నీటిలో ఉండలు లేకుండా కలిపి, సన్నని సెగ మీద కలుపుతూ ఉంటే కొద్దిసేపటికి తెల్లని పిండి పారదర్శకంగా మారి చిక్కబడుతుంది. అప్పుడే దించి, చల్లార్చి, గుడ్డలో వడగట్టాలి. గాజు పలక మీదో, నున్నటి గచ్చు మీద పరచిన ప్లాస్టిక్ షీటు మీదో ఖద్దరును బోర్లా పరిచి, తడి చేతితో ముడతలు లాగాలి. పల్చటి తెల్ల కాగితానికి మైదా జిగురును వెడల్పు బ్రష్షుతో సమంగా పూసి, కాగితం జిగురు పీల్చుకుని మెత్తబడేదాకా ఒకటి రెండు నిమిషాలు ఆగాలి. తరువాత ఆ కాగితాన్ని గుడ్డ వెనుక భాగం మీద ఒక అంచు నుంచి దించుతూ, మధ్యలోంచి అంచులకు పొడి గుడ్డతో ఒత్తుతూ రావాలి. జిగురును కాగితానికి పూయాలే గాని గుడ్డకు పూయకూడదు. ఈ ఒక్క నియమం పాటిస్తే పైకి మరక రాదు. ఫ్యాను గాలికి పూర్తిగా ఆరనిచ్చి తీస్తే గుడ్డ కాగితంలా బిర్రుగా ఉంటుంది, కట్టరుతో కోసినా నూలు ఊడదు.

వానాకాలంలో సముద్రం వైపు గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఈ ఆరడానికి ఒక్క రాత్రి చాలకపోవచ్చు. చెక్కిలికి ఆనించి చూస్తే చల్లగా తగిలిన గుడ్డ ఇంకా ఆరనట్టే. తొందరపడి కోస్తే కార్డు మీద అంటించాక ఆ తేమ కార్డును వంచుతుంది.

ఆరిన గుడ్డను 60 × 80 మి.మీ. ముక్కలుగా కోసి, వెనుక ఫెవికాల్‌ను అతి పల్చగా రాసి, కార్డు ముందు వైపు పై భాగంలో, పై అంచు నుంచి 20 మి.మీ. దిగువన, రెండు పక్కలా సమానంగా ఖాళీ ఉండేలా అంటించాలి. కింద మిగిలిన జాగాలో ‘శ్రీమంతం’ అన్న ఒక్క మాట ఎర్ర సిరాతో రాస్తే చాలు. నిజం గాజులను వేలాడదీయాలన్న ఆలోచన చాలామందికి వస్తుంది. అవి సంచిలో పగులుతాయి, పగిలిన గాజు శుభకార్యపు కార్డులో బయటపడితే పెద్దవాళ్లు హర్షించరు. గాజులు కావాలంటే చిన్న సీసా మూతను ఆనించి గుడ్డ మీద రెండు ఆకుపచ్చ, రెండు ఎర్ర వలయాలు గీయండి.

ముగ్గు వేయాలనుకునేవారికి

గుడ్డకు బదులు కావిరంగు కాగితం మీద తెల్ల జెల్ పెన్నుతో మెలిక ముగ్గు వేసినా చాలా అందంగా ఉంటుంది. నలభై ఆరు కార్డుల మీద చుక్కలు ఒకే తీరున రావడానికి ఒక అట్టముక్క మీద 8 మి.మీ. ఎడంతో అయిదు వరుసల్లో అయిదేసి చుక్కలు పెట్టి, ప్రతి చుక్కనూ లావుపాటి సూదితో పొడిచి రంధ్రం చేయాలి. ఆ అట్టను కార్డు మీద ఆనించి రంధ్రాల్లోంచి పెన్సిలు మొనతో గుర్తు పెడితే, కొలవకుండానే ఇరవై అయిదు చుక్కలూ చోటులో పడతాయి. ముగ్గు వేయడం తెలిసిన చెయ్యికి ఆ తరువాత చెప్పవలసింది ఏమీ లేదు.

ఈ మధ్య మన్యంలోని సవర గిరిజనుల గోడ బొమ్మలను కార్డుల మీద దించుకోవడం కూడా కనిపిస్తోంది. అవి వారు తమ దేవతలను, పితరులను ఉద్దేశించి పూజగా వేసుకునే బొమ్మలు. చూడముచ్చటగా ఉన్నాయని మన శుభలేఖ మూలకు అలంకారంగా అతికించడం నాకు సమ్మతం కాదు.

లోపలి మాటలు

పిలిచేది ఎవరో మొదట తేల్చుకోవాలి. అత్తవారింట జరిగితే ‘మా కోడలు’ అని, పుట్టింటివారు జరిపితే ‘మా అమ్మాయి’ అని మొదలవుతుంది. దానిని బట్టి పేర్ల వరుస మారుతుంది. పుట్టింటివారు సూడిదలు, అంటే గర్భిణి కోసం కానుకలు, తెచ్చే సందర్భం కనుక వారి పేర్లు ఏదో ఒక చోట గౌరవంగా కనిపించాలి. రాత ఇలా ఉండవచ్చు:

*శ్రీరస్తు – శుభమస్తు – అవిఘ్నమస్తు*

*స్వస్తిశ్రీ చాంద్రమాన …… నామ సంవత్సర …… మాసం …… తిథి, తేదీ ……, …… వారం ఉదయం …… గంటలకు మా కోడలు సౌభాగ్యవతి …… (భర్త: చిరంజీవి ……) శ్రీమంతం జరుపుటకు పెద్దలు నిశ్చయించినారు. కావున తాము సకుటుంబంగా విచ్చేసి, మా కోడలిని అక్షతలతో ఆశీర్వదించి, మా ఆతిథ్యం స్వీకరింప ప్రార్థన.*

*ఇట్లు, ……*
*సూడిదలతో విచ్చేయు పుట్టింటివారు: ……*
*వేదిక: …… విందు: మధ్యాహ్నం …… గంటలకు*

సంవత్సరం పేరు పంచాంగం చూసి రాయాలి. తెలుగు సంవత్సరం ఉగాదికి మారుతుంది గాని జనవరికి కాదు. 2026 ఉగాది నుంచి నడిచేది పరాభవ నామ సంవత్సరం. పేరు వినడానికి బాగాలేదని దాన్ని వదిలేసేవారున్నారు గానీ, సంకల్పంలో పురోహితుడు చదివేది ఆ పేరే. వదలాలనుకుంటే తిథి వార నక్షత్రాలన్నీ వదిలి ఇంగ్లీషు తేదీ ఒక్కటే వేయండి.

రెండు మాటల విషయంలో జాగ్రత్త అవసరమని నా అభిప్రాయం. ‘ముత్తైదువులందరూ విచ్చేసి’ అన్న వాడుక చాలా కార్డుల్లో ఉంటుంది. ఆ మాట అచ్చులో చూసిన మేనత్తో పెద్దమ్మో, భర్త లేనివారైతే, ఆ ఇంటికి ఎలా వస్తారు? పేరంటంలో ఎవరు ఏం చేయాలన్నది ఇంటివారు చూసుకుంటారు. కార్డు మీద ‘సకుటుంబంగా’ అంటే అందరికీ చోటు ఉంటుంది. రెండవది, ‘పండంటి మగబిడ్డను కనాలని దీవించి’ అని రాయకండి. పండంటి బిడ్డ అంటే చాలు. పుట్టబోయేది ఆడో మగో ముందుగా చెప్పడం, చెప్పించుకోవడం 1994 నాటి చట్టం ప్రకారం నేరం. గులాబీ రంగు, నీలం రంగుతో సూచనలు చేసే విదేశీ కార్డుల నమూనాలను కాపీ చేసుకునేవారు ఈ సంగతి మరిచిపోతుంటారు. స్కానింగు చిత్రం కూడా కార్డు మీద వద్దు. అది ఆమె వైద్యపు కాగితం.

దారి రాసేటప్పుడు దూరపు చుట్టాన్ని దృష్టిలో పెట్టుకోవాలి. శ్రీకాకుళం పట్టణానికి రైల్లో వచ్చేవారు దిగవలసిన శ్రీకాకుళం రోడ్ స్టేషను ఆమదాలవలసలో ఉంది. అక్కడినుంచి మళ్లీ బస్సో ఆటోనో ఎక్కాలని తెలియనివారు వేళ తప్పుతారు. ఆ ఒక్క ముక్క కార్డు మీద ఉంటే అర డజను ఫోన్లు తగ్గుతాయి. బయటి రాష్ట్రాల్లో పుట్టి పెరిగి, తెలుగు మాట్లాడటమే తప్ప చదవడం రాని పిల్లలున్న ఇళ్లకు తేదీ, వేదిక ఆంగ్లంలో రాసిన చిన్న చీటీ లోపల పెట్టాలి. కార్డును రెండు భాషల్లో నింపితే రెండూ చదవడానికి ఇరుకవుతాయి.

రాత

మన అక్షరాలకు కింద వత్తులు, పైన గుడులు ఉంటాయి. ఇంగ్లీషు రాతకు సరిపోయే వరుసల ఎడంలో తెలుగు రాస్తే ‘స్వస్తిశ్రీ’లోని వత్తులు కింది వరుసలోని గుడికి తగిలి చిక్కుపడతాయి. అక్షరం ఎత్తు 4 మి.మీ. అయితే వరుసల మధ్య 9 మి.మీ. ఎడం ఉంచాలి. ఆ లెక్కన చిన్న కాగితం మీద పదమూడు పద్నాలుగు వరుసలకు మించి పట్టవు. పైన ఇచ్చిన నమూనా అంతా పట్టకపోతే కార్డు ఎడమ పేజీలో వేదిక, దారి ఉంచుకోవచ్చు. అక్షరాన్ని మాత్రం చిన్నది చేయవద్దు.

నలభై ఆరు కార్డులూ చేత్తో రాయనక్కర్లేదు. ఇంట్లో దస్తూరీ బాగున్నవారు, రిటైరైన మాస్టారు ఎవరైనా ఉంటే మరీ మంచిది, తెల్ల కాగితం మీద నల్ల సిరాతో ఒక్క ప్రతి రాస్తే దాన్ని ఒక ఏ4 మీద నాలుగు వచ్చేలా జిరాక్సు తీయించవచ్చు. జిరాక్సు పొడి తడికి చెదరదు. ఇంట్లోని ఇంకుజెట్ ప్రింటరు సిరా తడి వేలు తగిలితే పాకుతుంది. అందుకే ముందుగా ఒక ప్రతిని తడి పసుపు వేలితో రుద్ది చూడాలి. జెల్ పెన్నుతో రాసినవాటికీ ఇదే పరీక్ష.

తీసిన ప్రతులను ఒక్కొక్కటి 95 × 138 మి.మీ.కు కోసి, కార్డు కుడి పేజీలో అంటించాలి. కాగితమంతా జిగురు పూయకండి. మడత వైపు అంచున 5 మి.మీ. వెడల్పున సన్నని పట్టీగా ఫెవికాల్ రాసి అంటిస్తే కాగితం ముడత పడదు, కార్డు వంగదు, అవసరమైతే ఊడదీయడానికీ వీలుంటుంది.

కవరు

188 × 269 మి.మీ. కాగితం ముక్క తీసుకుని, రెండు పక్కలా 15 మి.మీ. లోపల నిలువు గీతలు గీయాలి. పైనుంచి 50 మి.మీ. దగ్గర ఒకటి, అక్కడినుంచి 114 మి.మీ. దిగువన మరొకటి అడ్డ గీతలు గీయాలి. మధ్యలో 158 × 114 మి.మీ. గడి కవరు ముఖం. దాని పక్కన ఉన్న రెండు చెవులను మాత్రం ఉంచి, పైనా కిందా మూలల్లోని ముక్కలు కోసేయాలి. చెవులు లోపలికి మడిచి, వాటి మీద జిగురు రాసి, కింది భాగాన్ని పైకి మడిచి అంటిస్తే కవరు తయారవుతుంది. చేతికిచ్చే కవరు మూతిని అంటించకూడదు. లోపలికి దోపితే చాలు.

పసుపు, కుంకుమ

శుభలేఖకు నాలుగు మూలలా పసుపు పెట్టడం అన్నింటికన్నా చివరి పని, అది కూడా పంచడానికి బయలుదేరే రోజు ఉదయమే చేయాలి. ముద్దగా కలిపిన పసుపు కాగితాన్ని ఉబ్బించి, ఆరాక రాలుతుంది. చెంచా పసుపులో కొద్ది చుక్కల నీరే కలిపి, చిన్న గుడ్డ ముడికి అద్ది, కాగితం మీద ఒకసారి ఒత్తి తీస్తే గుండ్రని పల్చటి ముద్ర పడుతుంది. తాంబూలానికి సున్నం తీసిన చేతితోనో, సబ్బు సరిగ్గా కడగని చేతితోనో ఈ పని చేస్తే పసుపు ఎర్రబారుతుంది. పసుపులోని రంగుకు క్షారం తగిలితే జరిగే మార్పు అది. ఎండలో పెడితే పసుపు వెలిసిపోతుంది కాబట్టి ముద్ర వేసినవాటిని నీడలోనే ఆరబెట్టాలి. కుంకుమ కార్డుకు పెట్టకపోయినా లోటు లేదు. అది తెల్ల ఖద్దరుకు అంటితే పోదు, భరిణె నుంచి రాలిన పొడి చాలు మొత్తం కట్టను పాడుచేయడానికి. కార్డులను ఒక సంచిలో, భరిణెను మరో సంచిలో పట్టుకెళ్లండి.

పంపడం, పిలవడం

250 జీఎస్ఎం కార్డు సుమారు 8 గ్రాములు, లోపలి కాగితం 1 గ్రాము, కవరు 5 గ్రాములు తూగుతాయి. గుడ్డ, జిగురు కలిపినా 16 గ్రాములు దాటవు. మామూలు ఉత్తరానికి తపాలా మొదటి అంచె 20 గ్రాములు కనుక ఇది అందులోనే ఇమిడిపోతుంది. పూసలు గుచ్చితే దాటుతుంది, తపాలా ముద్ర కొట్టేటప్పుడు కవరూ చిరుగుతుంది. పిన్‌కోడు తప్పనిసరిగా రాయాలి. తపాలాలో వేసిన ఇంటికి ఫోను చేసి నోటితో కూడా పిలవాలి. కార్డు ఒక్కటే పంపితే ‘కాగితం పడేశారు’ అంటారు.

మొదటి కార్డు ఇంట్లో దేవుడి దగ్గర పెడతారు. విజయనగరంలో పైడితల్లి అమ్మవారి గుడికి, శ్రీకాకుళంలో అరసవల్లి సూర్యనారాయణస్వామి సన్నిధికి తీసుకువెళ్లే కుటుంబాలూ ఉన్నాయి. తరువాత మేనమామ ఇంటితో మొదలుపెట్టాలా, పెద్ద ముత్తాత వరుసవారితో మొదలుపెట్టాలా అన్నది మీ పెద్దలు చెప్పినట్టు చేయండి. వాట్సాప్‌లో పంపే ఫొటోను నేరుగా ఎండలో కాకుండా వరండా వెలుతురులో తీస్తే ఖద్దరు నేత కనిపిస్తుంది. కుటుంబం దాటి అందరూ చూసే చోట పెట్టేటట్లయితే ఫోను నంబరు మీద కాగితం ముక్క పెట్టి తీయాలి.

అన్నీ సిద్ధమయ్యాక మైల వచ్చో, డాక్టరు విశ్రాంతి చెప్పో ముహూర్తం మారడం జరుగుతుంటుంది. కార్డులు పారేయవలసిన పని లేదు. లోపలి కాగితాన్ని ఒక్క అంచునే అంటించాం కనుక స్కేలు అంచును దాని కిందికి దూర్చి లాగితే ఊడి వస్తుంది. కొత్త తేదీతో మళ్లీ జిరాక్సు తీయించి, పాత జిగురు పట్టీ కనపడకుండా దాని మీదే అంటించాలి. అప్పటికే పంచేసిన ఇళ్లకు మాత్రం కొత్త కాగితం పంపి సరిపెట్టకండి. మళ్లీ బొట్టు పెట్టి పిలవాలి.